టొరంటో యాత్రికుడూ సోయికూరా

రోస్‌విటా చదివింది ఊరి బడిలో. ఒకటే గది, ఒకరే పంతులు, ఒకటే పొయ్యి. చలికాలంలో ఆ పొయ్యి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చేది పంతులు కాదనీ తానేననీ ఆవిడ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. పదహారో ఏట ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి, బోర్న్‌హైమ్ పేటలో ‘మూడు ముళ్లపందులు’ అనే యాపిల్ కల్లు అంగడిలో వడ్డనకు చేరాక కూడా ఆవిడ చేసింది అదే పని. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చడం.

ఆ అంగడిలో విడివిడి బల్లలు లేవు. గోడ నుంచి గోడ దాకా పొడుగు బల్లలు, వాటికి అటూ ఇటూ బెంచీలు. వచ్చినవాడు ఎవరైనా సరే, కూర్చున్నవాళ్లు జరిగి చోటివ్వాలి. జరగనివాణ్ణి రోస్‌విటా నడుముతో ఒక్క తోపు తోసి జరిపేస్తుంది. రెండు చేతుల్లోనూ నీలి పూల మట్టి కూజాలు నిండుగా ఉన్నా ఆ తోపులో ఒక్క చుక్క ఒలకదు.

“బ్యాంకు పెద్దమనిషిని తీసుకొచ్చి పొగగొట్టాలు తుడిచేవాడి పక్కన ఇరికించింది ఎవరు? నేను!” అని మొదలుపెడితే ఆవిడ ఆగదు. “ఇద్దరూ కలిసి పాట పాడుకుంటూ వెళ్లారా లేదా? ఈ బెంచీ మీద కుదిరిన పెళ్లిళ్లు ఎన్ని? నా పెళ్లి కూడా ఇక్కడే కుదిరింది. చోటు లేకపోతే నన్ను నేనే ఇరికించుకున్నాను. విడాకుల సంతకాలకి బయలుదేరిన జంటను ఒకే కూజా ముందు కూర్చోబెట్టి వెనక్కి పంపింది ఎవరు?”

“వాళ్లు ఏడాది తిరక్కుండానే విడిపోయారు కదే,” అంటాడు ఏగోన్. రిటైరైన ట్రాము డ్రైవరు. పొయ్యి పక్క మూల ఆయనది.

“ఆ ఏడాది నాది!” అంటుంది రోస్‌విటా.

ఏగోన్ పక్కన ఎప్పుడూ విన్‌ఫ్రీడ్ ఉంటాడు. తాళాలు బాగుచేసే పని మానేసి పదేళ్లయింది. ఏగోన్ ఏమన్నా “అంతే మరి” అనడమే ఆయనకిప్పుడు మిగిలిన పని.

అంగడి యజమాని థీలో కుర్రాడే. అమ్మ పోయాక గల్లా మీదికొచ్చాడు. చిన్నప్పుడు ఈ బల్లల కింద పాకుతూ తిరిగినవాడు కాబట్టి రోస్‌విటాను ‘రోసీ అత్తా’ అంటాడు. వాడికి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే, ఆవిడ బల్లలు తోముతుంటే, ఫోను పట్టుకుని యాత్రికులు ఈ ఊరి గురించీ తన అంగడి గురించీ ఏం రాశారో పైకి చదువుతాడు.

“విను అత్తా. ‘ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏముంది? విమానం దిగడానికి బాగుంటుంది, ఎక్కడానికి ఇంకా బాగుంటుంది.’ ఇది లిస్బన్ ఆయన.”

“వెళ్లేటప్పుడు ఇంకా బాగుందంటున్నాడుగా. అంటే ఇష్టం పుట్టిందన్నమాట.”

“‘ఒక్క రాత్రి అనుకుని వచ్చాం, నాలుగు రాత్రులున్నాం. ఈ ఊరిని తిట్టేవాళ్లు స్టేషను దాటి రానివాళ్లు.’ ఇది ఒసాకా ఆవిడ. ‘కల్లు కాదు, వెనిగర్.’ ‘ఇంత మంచి కల్లు జన్మలో తాగలేదు.’ ఇద్దరూ ఒకే రోజు రాశారు అత్తా! ఎవరి మాట నమ్మాలి?”

“నా గురించి ఏం రాశారో చెప్పు.”

“‘వడ్డించే ఆవిడ జైలు కాపలాదారులా ఉంది’ అని ఒకరు. ‘మా అమ్మమ్మలా ఉంది’ అని ఒకరు.”

“వాళ్ల అమ్మమ్మ ఎక్కడ పనిచేసిందో ఏమో,” అంది రోస్‌విటా తోముతూనే.

ఈస్టర్ వెళ్లిన కొద్ది రోజులకి మాత్రం థీలో మొహం నల్లబడింది. నెల రోజులుగా టొరంటో నుంచి ఒక యాత్రికుడు, మెల్‌బోర్న్ నుంచి ఒక యాత్రికుడు పగబట్టినట్టు రాస్తున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చోవాలట. పొయ్యి పక్క చోటు దొరకదట. ఊరంతా గాజు మేడలే తప్ప చూడ్డానికి చెట్టయినా లేదట. ఎవరూ రావద్దట.

“నేను తేల్చేశాను అత్తా,” అన్నాడు థీలో. “శుక్రవారం వడ్రంగి వస్తున్నాడు. పొడుగు బల్లలు తీసేసి ఇద్దరిద్దరు కూర్చునే చిన్న బల్లలు వేయిస్తాను.”

రోస్‌విటా చేతిలో గుడ్డ ఆగిపోయింది. చిన్న బల్లలంటే ఎవరూ జరగక్కర్లేదు. ఎవరినీ తొయ్యక్కర్లేదు. వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ ఫోన్లు తాము చూసుకుని వెళ్లిపోతారు. మోయడానికి కూజాలు ఉంటాయి గానీ, తాను యాభై ఏళ్లు చేసిన అసలు పని ఉండదు.

“నాయనా, పెళ్లాన్ని వదులుకున్నా ఫర్వాలేదు, బెంచీని వదులుకోకు.”

“నాకు పెళ్లి కాలేదు అత్తా.”

“బెంచీ తీసేస్తే అవదు కూడా.”

థీలో నవ్వలేదు. వాడి గుండెలో ముల్లు వేరే ఉంది. గొంతు తగ్గించి, ఫోను చూడకుండానే అప్పజెప్పాడు. “‘ఏడాకుల పచ్చడి అని పెట్టారు. పుల్లాకు ఎక్కువైంది, బోరేజ్ ఆకు ముదిరిపోయింది. శ్మశానంలో గడ్డి కోసి గడ్డపెరుగులో కలిపినట్టుంది. సోయికూర వెయ్యలేదు, అదొక్కటే ఆ దేవుడి దయ.’ టొరంటో వాడు. అది మా అమ్మ పచ్చడి అత్తా. అమ్మ చేతి కొలతలే.”

ఆ పచ్చడిని ఈ ఊళ్లో వసంతం వచ్చిందంటే ఉడికించిన గుడ్లతో, బంగాళాదుంపలతో తింటారు. అందులో ఏడు ఆకులు. ఏడంటే ఏడే. ఎనిమిదోదిగా సోయికూర వేసేది ఉత్తరాన కాసెల్ వాళ్లు. ఆ మాట ఎత్తితేనే ఇక్కడి ముసలాళ్లకి రక్తం మరుగుతుంది. అందుకే రోస్‌విటా బకెట్టు కింద పెట్టి నిలబడిపోయింది. టొరంటో వాడికి బోరేజ్ ముదిరిందని ఎలా తెలిసింది? సోయికూర లేకపోవడం దేవుడి దయ అని టొరంటోలో ఏ తల్లి నేర్పుతుంది?

థీలోతో ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పొయ్యి మూలలో కూజా దించుతూ, ఆ రాతల వల్ల చిన్న బల్లలు వేయడానికి వడ్రంగి వస్తున్నాడన్న కబురు మాత్రం చెప్పింది.

ఏగోన్ గుండెలు బాదుకున్నంత పనిచేశాడు. “చిన్న బల్లలా! ఇదేమన్నా కాఫీ కొట్టా? ఏ దుర్మార్గుడు రాశాడమ్మా ఆ రాతలు? వాడి వేళ్లు పడిపోనూ!”

విన్‌ఫ్రీడ్ ఈసారి “అంతే మరి” అనలేదు. తన వేళ్లకేసి చూసుకున్నాడు.

రోస్‌విటాకి అక్కడే సగం తెలిసిపోయింది. మిగతా సగం తెలిసేలా నిలదీస్తే ఏగోన్ ఒప్పుకోడు. ముప్పై ఏళ్లు ట్రాము నడిపి, ఒక్కసారి కూడా ఆలస్యం తన తప్పని ఒప్పుకోని మనిషి. తాను వెళ్లి థీలోకి చెబితే, వాళ్లిద్దరినీ గడప తొక్కనివ్వడు. పొయ్యి మూల ఖాళీ అయిపోతుంది. అందుకని ఆవిడ గురువారం సంతకెళ్లి, ఒక కట్ట సోయికూర కొంది. అమ్మేవాడు ఆవిడను ఎరుగును కాబట్టి అనుమానంగా చూశాడు.

“చేపల కూరకి,” అంది రోస్‌విటా.

“అయితే సరే,” అన్నాడు వాడు, కాగితంలో రెండు మడతలు ఎక్కువే చుట్టి.

శుక్రవారం మధ్యాహ్నం వడ్రంగి టేపు తీసి పొడుగు బల్లకి ఆ చివర పట్టుకున్నాడు. ఈ చివర థీలో పట్టుకున్నాడు. మధ్యలో ఏగోన్, విన్‌ఫ్రీడ్ శవ జాగారానికి వచ్చినవాళ్లలా కూర్చున్నారు.

“తినండర్రా, ఈ బల్ల మీద ఆఖరి పచ్చడి,” అంటూ రోస్‌విటా రెండు పళ్లేలు దించింది.

విన్‌ఫ్రీడ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక ఏగోన్ వైపు తిరిగాడు. ఏగోన్ నమిలాడు. ఆగాడు. మళ్లీ నమిలాడు. మెడ నరాలు ఉబ్బాయి.

“సోయికూర!” అని అరిచి లేచి నిలబడ్డాడు. “ఒసేయ్ రోస్‌విటా, నీకు మతి పోయిందా! పుల్లాకు ఎక్కువేస్తే ఓర్చుకున్నాను, బోరేజ్ ముదిరితే ఓర్చుకున్నాను. ఇదేం పచ్చడే! శ్మశానంలో గడ్డి కోసి గడ్డపెరుగులో కలిపినట్టు...”

థీలో చేతిలోంచి టేపు చివర జారి, సర్రున వెళ్లి వడ్రంగి వేలికి తగిలింది. వడ్రంగి తిట్టిన తిట్టు తప్ప అంగడిలో ఇంకో చప్పుడు లేదు.

“ఏగోన్ బాబాయ్,” అన్నాడు థీలో మెల్లగా, “ఆ మాట ఇంకోసారి అను.”

ఏగోన్ కూర్చున్నాడు. “ఏ మాట?”

“నువ్వు టొరంటో ఎప్పుడెళ్లావ్?”

“నేనా? నేను పక్కనున్న ఓఫెన్‌బాఖ్ దాటి... అసలు ఓఫెన్‌బాఖ్ కూడా వెళ్లను, మా అత్తగారి ఊరు.”

స్నేహితుణ్ణి కాపాడాలని విన్‌ఫ్రీడ్ నోట్లోది గబుక్కున మింగేసి చెయ్యెత్తాడు. “వాడికేం తెలీదు థీలో, పాపం. వాడు టొరంటో ఒక్కటే. మెల్‌బోర్న్ నేను.”

రోస్‌విటా మొహం తిప్పుకుని పొయ్యిలో కట్టెలు సర్దింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

“ఎందుకు బాబాయ్?” అన్నాడు థీలో. “మా అమ్మ పచ్చడిని అంత మాట ఎందుకన్నావ్?”

“ఎందుకా?” ఏగోన్ తల దించుకున్నాడు. “ఆ ఒసాకా ఆవిడ ఉన్నవీ లేనివీ పొగిడి రాసింది. మర్నాటి నుంచి బస్సులు బస్సులుగా దిగుతున్నారు. వారం రోజులు నా మూలలో ఎవరో ఒకరు ఉన్నారు. నేను తలుపు దగ్గర గాలికి కూర్చున్నాను. వచ్చేవాళ్లు తగ్గాలనుకున్నాం గానీ, బల్లలు తగ్గాలనుకున్నామా? పచ్చడి మాట...” పళ్లెం పక్కకి జరిపాడు. “మీ అమ్మ చేతి పచ్చడి ఇంత లోకంలో ఎక్కడా లేదురా. అందుకే గదా, ఆ ముదురు బోరేజ్ చూసి కడుపు మండింది. అది నీ చేతి పచ్చడి.”

“అంతే మరి,” అన్నాడు విన్‌ఫ్రీడ్.

థీలో వడ్రంగితో, “వచ్చావు కాబట్టి ఆ మూల బెంచీ కాలు ఊగుతోంది, అది బిగించి వెళ్లు,” అన్నాడు. వాళ్లిద్దరి కేసి తిరిగి, “మీరు మాత్రం...” అంటుండగా రోస్‌విటా అడ్డం వచ్చింది.

“శిక్ష నాకొదిలెయ్. కూర్చోబెట్టడం నా పని.”

ఆవిడ వేసిన శిక్ష ఇది. శనివారాలు ఏగోన్ ఒక బల్లకి, విన్‌ఫ్రీడ్ ఇంకో బల్లకి, ఇద్దరూ యాత్రికుల నట్టనడుమ కూర్చోవాలి. అడిగినవాళ్లకి ఊరి గురించి చెప్పాలి.

మర్నాడే పోర్టో నుంచి వచ్చిన భార్యాభర్తల మధ్య ఏగోన్ ఇరుక్కున్నాడు. భర్త పొద్దున్నే రైలెక్కేద్దామంటున్నాడు, భార్య ఇంకో రోజుందామంటోంది. చివరికి ఇద్దరూ, ఊళ్లో చూడదగ్గది ఏమైనా ఉందా అని ఏగోన్‌నే అడిగారు.

“ఏమీ లేదు,” అన్నాడు ఏగోన్. రోస్‌విటా కూజాతో దగ్గరకొచ్చింది. “ఏమీ లేదంటే... నదీ తీరం ఉంది. అది అందరికీ ఉంటుంది. పదహారో నంబరు ట్రాము ముందు సీట్లో కూర్చుంటే వంతెన మీద బాగుంటుంది. ఎండ వచ్చే వేళ మీకు తెలీదు, నేనొచ్చి చూపించాలి. లోహ్ర్‌బెర్గ్ కొండ మీద యాపిల్ పూత వచ్చింది, రేపటికుంటుందో ఉండదో. ఏమీ లేదు ఈ ఊళ్లో. అబ్బ, కాస్త జరగవయ్యా, నీ గ్లాసు ఖాళీగా ఉంది.”

వాళ్లను మంగళవారం దాకా కదలనివ్వలేదు.

బుధవారం పొద్దున థీలో ఫోను చదివాడు. “పోర్టో భర్త రాశాడు అత్తా. ‘ఈ ఊళ్లో ఏమీ లేదని ఒక ముసలాయన మూడు రోజులు చూపించాడు. కాళ్లు పోయాయి.’ భార్యేమో ‘మళ్లీ వస్తాం’ అంది. ‘బెంచీ అద్భుతం. పచ్చడి కూడా చాలా బాగుంది, కాకపోతే కాస్త సోయికూర వేస్తే ఇంకా బాగుండేది.’”

రోస్‌విటా బల్ల తోముతూ తలెత్తింది.

“ఇది మాత్రం నిజమైన యాత్రికురాలే నాయనా,” అంది. “కళ్లు మూసుకుని నమ్మెయ్.”