ఫ్యాన్ల పందేరం

నాకు మూడు గొడుగులున్నాయి. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి కృష్ణగిరిలో మా అత్తగారింట్లో, మూడోది మా ఇంట్లో తలుపు వెనక. వాన మాత్రం నన్ను ఎప్పుడూ హోసూరు బస్టాండులోనే పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని మతిమరుపు అంటారు. నేను ఒప్పుకోను. మతిమరుపుకు ఇంత క్రమశిక్షణ ఉండదు. ఇది పంపకంలో లోపం, ఆ విద్యలో నాకు పాత అనుభవం ఉంది.

ఆ రోజుల్లో, అంటే మీసమూ బి.కాం. పట్టా ఒకేసారి వచ్చిన రోజుల్లో, బాగలూరు రోడ్డులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ట్రైనీగా చేరాను. ఆరు నెలలు సరిగ్గా పనిచేస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేదంటే దండం పెట్టి పంపించేస్తారు. (మా నాన్న అప్పటికే బంధువులందరికీ ఖాయమైపోయిందని చెప్పేశాడు కనక నాకు వెనక్కి తిరిగే దారి లేదు.) ఐదో నెలలో ఎండలు ముదిరాయి. హోసూరంటే చల్లని ఊరని పేరు, అక్కడ ఫ్యాను కొనడమంటే ఒకప్పుడు ఊరంతటికీ అవమానం. ఆ ఏడు యాజమాన్యం సిగ్గు విడిచి పన్నెండు నిలువు ఫ్యాన్లు తెప్పించింది. "నువ్వే పంచెయ్యవయ్యా," అన్నారు మా మేనేజరు. ఆయనది గుంటూరు. ముందర సార్ అనీ, వెనకాల గుంటూరు సార్ అనీ పిలిచేవాళ్ళం.

చదువుకున్నవాణ్ణి కనక శాస్త్రీయంగా ఆలోచించాను. ఫ్యానుకు ముఖ్యంగా కావలసింది ప్లగ్ పాయింటు. నోటుబుక్కు పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగి, పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్నాను. మేనేజర్ల ఏసీ గదుల్లో రెండేసి, మీటింగు హాల్లో నాలుగు. ఇనుమును ఎర్రగా కాల్చే కొలిమి షెడ్డులో ఒక్కటీ లేదు. అక్కడి పెద్ద పనివాడు అంచెట్టి అనే ఊరి మనిషి, అందరికీ కొలిమన్న. నా నోటుబుక్కులోకి తొంగిచూసి, "మాకెన్ని రాసినావప్పా?" అన్నాడు.

"ఈడ పాయింటు లేదు కదన్నా."

"గాలి కావాల్సింది మాకప్పా, గోడకు కాదు."

ఆయన బి.కాం. చదవలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

మర్నాడు గుంటూరు సార్ తన గది తలుపు తీసేసరికి ఏసీ కింద రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా నిలబడి ఒకదానికొకటి విసురుకుంటున్నాయి. బల్ల మీది కాగితాలన్నీ నేల మీద ఉన్నాయి. ఆయన వంగి ఒక్కో కాగితం ఏరుకుంటూ, "బ్రహ్మాండంగా పందేరం చేశావయ్యా," అన్నారు.

మా ఇంట్లో పందేరం చేయడమంటే మంచి పని. పెళ్ళిళ్ళలో మా అవ్వ పళ్ళెం ఎత్తుకుని పసుపు కుంకుమ పందేరం చేస్తే వీధంతా దీవించేది. తరతరాలుగా తమిళానికీ కన్నడానికీ మధ్య దాచుకున్న తెలుగు మాది. మాటలు ఏ అర్థంతో వచ్చాయో ఆ అర్థంతోనే ఉండిపోయాయి. అటు ఆంధ్రాలో పేపర్లూ పదవులూ కలిసి ఈ మాటను ఏం చేశాయో మాకు కబురు రాలేదు. సాయంత్రం అవ్వకు చెబితే, "పందేరం చేసే చెయ్యి సల్లగా ఉండల్లప్పా," అని నెత్తి నిమిరింది.

ఆ దీవెనతో, ఆరో నెలలో నింపే ఫారంలో 'మీరు సాధించిన విజయం' అన్న గడిలో ఫ్యాన్ల సంగతి రాశాను. పందేరానికి సరితూగే ఇంగ్లీషు మాట దొరక్క, ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, ఇకపైన కంపెనీ సామాన్లన్నీ ఇలాగే పందేరం చేస్తానని హామీ కూడా ఇచ్చాను. గుంటూరు సార్ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"పందేరం అంటే ఏమిటి నాయనా?"

"పంచిపెట్టడం సార్."

"ఎవరికి?"

"అందరికీ సార్."

"కాదు. అక్కర్లేనివాడికి అడక్కుండా ఇచ్చి, అడిగినవాడికి కారణం చెప్పి పంపడం. ఆ రోజు నిన్ను తిట్టాను."

(మా అవ్వ ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో ఏం చేస్తూ వచ్చిందోనని ఒక్క క్షణం భయం వేసింది.)

ఉద్యోగం ఖాయం కాలేదు. మూడు నెలలు గడువిచ్చి కొలిమి షెడ్డుకు మార్చారు. మొదటి గంటలో చొక్కా తడిసింది, రెండో గంటలో బి.కాం. కరిగింది. మధ్యాహ్నానికి ఫ్యాను కావాలని స్టోర్స్‌కు చీటీ రాశాను. నా కుర్చీలో కొత్తగా కూర్చున్న అమ్మాయి నా నోటుబుక్కే తిరగేసి, "ఆడ పాయింటు లేదు కదన్నా," అంది, ఎంతో మర్యాదగా. చివరికి కొలిమన్నా నేనూ మీటింగు హాల్లోంచి రెండు ఫ్యాన్లు మోసుకొచ్చి, ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి పాయింట్లు పెట్టించాం. దారిలో ఒకదాని రెక్కల ముందుండే జాలీ విరిగితే కొలిమన్న ఎర్ర వైరుతో బిగించి కట్టాడు. మూడు నెలలయ్యాక గుంటూరు సార్ ఖాయం చేసిన కాగితం చేతికిస్తూ, "ఈసారి పంచావు," అన్నారు.

ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్ళూ బతికాను. ఇప్పుడు ఆ ఏసీ గది నాది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ కథ నీతితో సహా చెబుతుంటాను. మొన్న, రిటైరై ఊళ్ళో రాగులు పండించుకుంటున్న కొలిమన్న, తన మనవరాలి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చాడు. కాఫీ తెప్పించాను. నోటుబుక్కు పట్టుకుని పాయింట్లు లెక్కపెట్టిన ఆ పాత నన్ను తలచుకుని ఇద్దరం నవ్వుకున్నాం, నేను కాస్త ముద్దుగా కూడా. లేచి వెళ్ళబోతూ ఆయన మూలనున్న నిలువు ఫ్యాను దగ్గర ఆగాడు. పొద్దున బస్టాండులో తడిసిన నా తువ్వాలు దాని ముందు ఆరుతోంది. జాలీకి కట్టిన ఎర్ర వైరును వేలితో తడిమాడు.

"ఇది మా షెడ్డుది కదప్పా."