మౌసు పట్టే వంతు

డిజైన్ కాలేజీ రెండో అంతస్తులో చివరి గది కంప్యూటర్ ల్యాబ్. అక్కడ పాఠం చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టుకున్న పేరు మిల్లీమీటరు మేడమ్. ఆ పేరు ఊరికే రాలేదు. ఓ ఏడాది ఒక విద్యార్థి కంప్యూటర్లో నీళ్ల జగ్గు తయారుచేశాడు. దానికి గాజు మెరుపు అద్దాడు, పక్కన కిటికీ నీడ పడేశాడు, ఒంటి మీద నాలుగు నీటిబొట్లు కూడా అతికించి బొమ్మ తీసుకొచ్చాడు. క్లాసంతా నోరెళ్లబెట్టింది. మేడమ్ మాత్రం కొలతలు చూపించమంది. చూస్తే ఆ జగ్గు రెండంతస్తుల మేడంత ఉంది. మిల్లీమీటర్లలో కట్టాల్సింది అంగుళాల్లో కట్టాడు మహానుభావుడు.

"బాగుంది నాయనా. నీళ్లు పోసుకోడానికి ఓ నిచ్చెన కూడా చేసిపెట్టు" అంది మేడమ్. ఆ రోజు నుంచి పేరు స్థిరపడిపోయింది.

ఆవిడ ఈ విద్య ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్లో పదకొండేళ్లు పెన్సిలు అరగదీసింది. ఒకనాడు యాజమాన్యం డ్రాయింగ్ బల్లలన్నీ బయట పెట్టించి కంప్యూటర్లు దించింది. నేర్చుకున్నవాళ్లు ఉండొచ్చు, లేనివాళ్లు వెళ్లొచ్చు అన్నారు. బల్ల మీద గీతను వెంట్రుకంత తేడా లేకుండా గీసిన మనిషి, తెర మీద ఒక గుండ్రం గీయడానికి మూడు రోజులు తిప్పలు పడింది. నాలుగో రోజున వచ్చింది. దాంతో ఏనుగెక్కినంత సంబరపడి, ఇక వెనక్కి చూడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ కాలేజీ పిలిచింది. పదిహేడేళ్లయింది. ఉద్యోగం పర్మనెంటు కాదు, ఏటేటా కాగితం మీద సంతకం పెట్టి పొడిగించాల్సిందే. అయినా ఆవిడకు ఏనాడూ బెంగ లేదు. తనకన్నా బాగా చెప్పేవాళ్లు వస్తే అప్పుడు చూద్దాం అనుకునేది. వినయం ఆవిడకు పెద్దగా అలవాటు లేదు మరి.

ఆవిడ పాఠం చెప్పే తీరు వేరు. ముందు గోడ మీది పెద్ద తెరపై తాను చేసి చూపిస్తుంది. బాణం గుర్తు అటూ ఇటూ పోకుండా, సూదిలో దారం ఎక్కించినట్టు సరిగ్గా చుక్క మీదికి వెళ్లి ఆగుతుంది. పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు. మొదటి నెలంతా రంగులు, మెరుపులు, వెలుగునీడలు నిషేధం. "ముందు వస్తువు నిలబడాలి. తర్వాత ముస్తాబు" అంటుంది. కుర్చీ చేస్తే కూర్చోవాలి, పిడి చేస్తే నాలుగు వేళ్లు దూరాలి. అందమైన బొమ్మ ఎంత ఘోరమైన తప్పునైనా కడుపులో దాచుకోగలదని ఆవిడకు బాగా తెలుసు.

ఈ ఏడాది తరగతులు మొదలైన రెండో నెలలో ఆ బాణం గుర్తు వణికింది.

"ఈ మౌసు పాడైనట్టుంది" అంది మేడమ్. ల్యాబ్ చూసుకునే పెద్దాయన, పిల్లలందరికీ బాబాయ్, కొత్తది తెచ్చి తగిలించాడు. రెండు రోజులకు అదీ వణికింది. మూడోదీ అంతే. ఆయన కిక్కురుమనకుండా మార్చాడు. ఇంతా చేస్తే వణుకు మౌసుది కాదని ఆవిడకు మొదటి రోజే తెలుసు. ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు, తాళం పెట్టేటప్పుడు కుడిచెయ్యి మాట వినడం మానేసి అప్పటికే కొన్నాళ్లయింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. "ప్రాణానికేం భయం లేదమ్మా. మందులతో కాస్త తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను" అన్నాడు డాక్టరు. చెయ్యి సరిగా లేదని తెలిస్తే కాలేజీవాళ్లు వచ్చే ఏడాది కాగితం ఇస్తారా? పాఠం లేని పొద్దు ఎలా గడుస్తుందో ఊహకే అందలేదు.

అలాంటి సమయంలో ఒక పిల్ల లేచి, "మేడమ్, ఇవాళ మీరు చెప్తూ ఉండండి, మీ సిస్టమ్ మీద నేను చేసి చూడనా?" అంది. మేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. "రా, నీ ప్రతాపం చూద్దాం" అని కుర్చీ వదిలింది. మర్నాడు ఇంకొకడు. ఆ మర్నాడు మరొకతె. ఈ బ్యాచ్‌కున్న ఉత్సాహం తన సర్వీసులో చూడలేదని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది కూడా. చేత్తో చూపించే వీల్లేదు కనుక ఇప్పుడు ప్రతిదీ నోటితో చెప్పాలి. "ఇలా లాగు, అలా వంచు" అంటే కుదరదు. ఎక్కడి నుంచి, ఎటు, ఎంత అనేది అక్షరం పొల్లుపోకుండా చెప్పాలి. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చింది. పదిహేడేళ్లుగా తన చేతికి తెలిసినవి నోటికి తెలియవని అప్పుడు అర్థమైంది. రాత్రిళ్లు నిద్రపోయే ముందు పెదాలు కదుపుతూ మర్నాటి పాఠం అప్పజెప్పుకునేది.

అలా రెండు నెలలు నెట్టుకొచ్చింది. ఇంతలో ఒక మంగళవారం పొద్దున, చెప్పాపెట్టకుండా ప్రిన్సిపాల్ గారు ల్యాబులోకి వచ్చి వెనక బల్ల దగ్గర నిలబడ్డారు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. వచ్చే ఏడాది కాగితాలు ఈ వారంలోనే చూడాలి. మీరు పాఠం చేసి చూపించడం మానేశారని, అంతా పిల్లల చేతే చేయిస్తున్నారని నా చెవిన పడింది. ఒకసారి చూసి పోదామని వచ్చాను" అన్నారు.

మేడమ్ మౌసు మీద చెయ్యి వేయబోయింది. అంతలో క్లాసులో ఇద్దరు ఒక్కసారే లేచారు.

"మేడమ్, నేను చేస్తాను" అంది ముందు వరస అమ్మాయి.

"అదేంటి, ఇవాళ నాది!" అన్నాడు పక్క వరస అబ్బాయి.

"నిన్న సెలవు కదా, నిన్నటి నా వంతు ఇవాళ్టికొచ్చింది."

"అలా రాదు. సెలవొస్తే ఆ వంతు పోయినట్టే. కావాలంటే బాబాయ్‌ని అడుగు. బాబాయ్, చీటీలో ఎవరిదుందో చూసి చెప్పు!"

ఆ మాట నోరు జారాక గానీ అబ్బాయికి తాను పప్పులో కాలేసినట్టు తెలియలేదు. నాలుక్కరుచుకున్నాడు. బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఏం చీటీ?" అంది మేడమ్.

బాబాయ్ చూపు తన బల్ల సొరుగు మీదికి ఒక్క క్షణం పోయి వచ్చింది. మేడమ్ వెళ్లి సొరుగు లాగింది. తాను పాడైందని పక్కన పెట్టించిన మౌసులు అందులో వరసగా ఉన్నాయి. వాటి కింద గళ్ల కాగితం. ఇరవై రెండు మంది పేర్లు, తేదీలు, బాబాయ్ గుండ్రటి అక్షరాలు. మొదటి తేదీ రెండు నెలల కిందటిది.

"ఆ మౌసులకేం కాలేదమ్మా. ఇంటికి తీసుకెళ్లి చూశాను, బంగారంలా పనిచేస్తున్నాయి" అన్నాడు బాబాయ్ మెల్లగా. "అప్పుడే తెలిసింది. మీరు చెప్పలేదు కదా, నేనెలా అడుగుతాను? పిల్లలు కూడా గమనించారు. ఏం చేద్దాం బాబాయ్ అని నా దగ్గరికొచ్చారు. మీకు తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఇదిగో, వీడు తగలేశాడు."

మేడమ్ కళ్లు నిండిపోయాయి. దాచుకునే ప్రయత్నం చేయలేదు. ఇంతకాలం తాను ఇంతమంది దగ్గర దాస్తున్నాననుకుంది. ఇంతమందీ కలిసి తన కోసం దాస్తున్నారు. తిరిగి ప్రిన్సిపాల్ గారి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ముందుకు చాపింది. అది వణుకుతూనే ఉంది.

"మీరు విన్నది నిజమే సార్. నా చెయ్యి నిలవడం లేదు. ఇది పూర్తిగా పోతుందని చెప్పలేనన్నారు డాక్టరు గారు. ముందే చెప్పాల్సింది, భయపడ్డాను. నాకు పాఠం చెప్పడం కావాలి సార్. ఇంకేమీ కాదు."

ప్రిన్సిపాల్ గారు ముందు వరస అమ్మాయి వైపు తిరిగి, "నిజం చెప్పమ్మా. మేడమ్ చేస్తుంటే చూడటం బాగుండేదా, ఇలా బాగుందా?" అని అడిగారు.

ఆ పిల్ల నీళ్లు నమల్లేదు. "మేడమ్ చేస్తుంటే సినిమా చూసినట్టుండేది సార్. అంతా వచ్చేసిందనుకునేవాళ్లం. ఇంటికెళ్లి కూర్చుంటే ఒక్క గీత పడేది కాదు. ఇప్పుడు మేమే చెయ్యాలి. తప్పు చేస్తే గోడ మీద అందరికీ కనిపిస్తుంది. సిగ్గుకైనా నేర్చుకుంటున్నాం. మేము చీటీ మొదలుపెట్టింది మేడమ్ కోసమే, కానీ ఇప్పుడు ఒక రోజు వంతు పోతే మాకే ఏడుపొస్తుంది."

"అది నేను చూశానులే" అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఇందాకటి తగాదా గుర్తొచ్చి నవ్వుతూ. తలుపు దాకా వెళ్లి ఆగారు. "మేడమ్, మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టండి. బాబాయ్, ఆ చీటీ సొరుగులో ఎందుకు? గోడకు అంటించు."

మధ్యాహ్నం మేడమ్ సంతకం పెట్టింది. పాములా మెలికలు తిరిగింది సంతకం. గుమాస్తా అద్దుడు కాగితం అద్ది, ఫైల్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. సెకన్ల ముల్లు వెంట్రుకవాసి తడబడినా కనిపెట్టే మనిషి. విని ఆశ్చర్యపోలేదు. లేచి టీ పెట్టి తెచ్చాడు. కప్పులో సగానికే ఉంది. అది తాగాక మళ్లీ సగం పోశాడు. మేడమ్ ఆ కప్పు వంక చూస్తూ ఉండిపోయింది. నిండు కప్పు తన చేతికిచ్చి ఎన్నాళ్లయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"మీక్కూడా తెలుసా?"

"తెలుసు."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూస్తున్నా."

మేడమ్ కప్పు కింద పెట్టి, వణికే చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకెంతమంది ఉన్నారండీ" అంది. ఆయన రెండో చేత్తో కప్పు కాస్త పక్కకు జరిపి, ఆ వణికే చేతిని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.