నారాయణయ్య బావిలో డీజిలు

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన, పెట్రోలు బంకు వెనకాలే నారాయణయ్య ఇల్లు. కొంచెం మెట్ట సేద్యం, రెండు ఎద్దులు, పెరట్లో తియ్యటి నీళ్ల బావి ఉన్న మనిషి. మంచివాడే గానీ, ఏ విషయాన్నీ చిన్నదిగా చూడటం ఆయనకు చేతకాదు. కోడి రెండు సొనల గుడ్డు పెడితే దాన్ని వీధంతా తిప్పి చూపించి వచ్చేవాడు.

1981 ఎండాకాలంలో ఒక ఉదయం ఆయన భార్య ఓబులమ్మ బావిలో చేద వేసి తోడితే, నీళ్ల మీద రంగురంగుల పొర తేలింది. ఆమె ముక్కు మూసుకుంది. నారాయణయ్య మాత్రం ఆ పొరలో గుడ్డపేలిక ముంచి, పెరటి మూలకు తీసుకెళ్లి అగ్గిపుల్ల గీశాడు. పేలిక భగ్గున మండింది. దాంతోపాటు ఆయన మీసం కూడా ఒక పక్క అంటుకుంది.

"ఓబులా! మన బావిలో పెట్రోలు పడిందే! అరబ్బు దేశాల్లో పడినట్టు పడింది!" అని కేక పెట్టాడు.

"ముందు మీసం ఆర్పుకోయ్యా," అంది ఓబులమ్మ.

మధ్యాహ్నానికి బావి చుట్టూ ముళ్లకంప నాటి, పక్కన మంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు. సాయంత్రానికి నల్ల కళ్లద్దాలు కొన్నాడు. షేకులు అవే పెట్టుకుంటారని ఎవరో చెప్పారట. మద్రాసుకు పైపులైను ఏ ఊళ్ల మీదుగా వేయాలో పొరుగువాళ్లతో చర్చించాడు. ఓబులమ్మ వీధి చివరి కుళాయి నుంచి నీళ్లు మోస్తూ, బిందెకో తిట్టు తిట్టింది.

వారం తిరక్కముందే భూగర్భజల శాఖ వాళ్లు నెల్లూరు నుంచి వచ్చారు. బంకు కింద పూడ్చిన ట్యాంకు తుప్పు పట్టి డీజిలు కారుతోందని, అదే బావిలోకి ఊరుతోందని తేల్చారు. నారాయణయ్య ఒప్పుకోలేదు.

"మీరు తిరగేసి చెప్తుండారు సార్. నా బావి నించే వాళ్ల ట్యాంకులోకి ఊరతా ఉండాది. ఇన్నేళ్లూ నా సరుకు అమ్ముకుని బతికినారు!"

బంకు వాళ్లు ఆ ట్యాంకును తవ్వి తీసేశారు. శాఖ వాళ్లు పెరట్లో, బావికి కాస్త ఎడంగా, భూమిలోకి సన్నటి గొట్టం దించారు. డీజిలు తగ్గుతోందో లేదో నెలనెలా చూడటానికి ఉదయగిరికి చెందిన ఖలీలుల్లా అనే ఉద్యోగిని పెట్టారు. అతను తాడుకు కట్టిన గాజుబుడ్డిని అందులోకి వదిలి పైకి తీస్తే, అడుగున నీళ్లు, పైన తేలిన డీజిలు విడివిడిగా కనిపించేవి.

వీధిలో అందరూ "తగ్గిందా?" అని అడిగేవాళ్లు. నారాయణయ్య ఒక్కడే "పెరిగిందా?" అని అడిగేవాడు.

"తగ్గిందన్నా," అనేవాడు ఖలీలుల్లా.

ఆ పూట నారాయణయ్యకు అన్నం సయించేది కాదు.

మరుసటి ఏడు వానలు పడ్డాక ఒకరోజు ఖలీలుల్లా బుడ్డి పైకి తీసి బిత్తరపోయాడు. నీళ్ల మీద నాలుగు వేళ్ల మందాన నూనె! నారాయణయ్య కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను చెప్పలా? లోపల ఊట ఉండాది."

ఖలీలుల్లా వాసన చూశాడు. బుడ్డిని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"అన్నా, దీంట్లో ఆవాలు ఉండాయి."

"భూమిలో ఎన్నో ఉంటాయి ఖలీలూ."

"కరివేపాకు కూడా ఉండాది."

వంటింట్లోంచి ఓబులమ్మ గరిటెతో సహా వచ్చింది. "పులిహోరకని పెట్టిన తాలింపు ఏమైపోయిందా అని పొద్దన్నించి ఎతకతా ఉండా!"

ఖలీలుల్లా నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాడు. నారాయణయ్య నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తగ్గిపోతా ఉంటే చూళ్లేకపోయినా," అన్నాడు చివరికి. "ఆ వాసన పుణ్యాన గదా పెద్ద పెద్ద ఆఫీసర్లు నా గడప తొక్కినారు. అది పోతే ఇంకెవరొస్తారు?"

"నేను నెలనెలా వస్తా ఉండాను గదన్నా. నేను లెక్కలోకి రానా?"

తాలింపు పోయేదాకా ఇద్దరూ కలిసి గొట్టంలోని నీళ్లు తోడారు. ఓబులమ్మ కొత్త తాలింపు పెట్టి ఇద్దరికీ పులిహోర వడ్డించింది, మొగుడికి కాస్త తక్కువగా. అప్పటినుంచి ఖలీలుల్లా వస్తే తాడు పట్టుకునే పని నారాయణయ్యదే అయింది.

1984లో నీళ్లు శుభ్రపడ్డాయని, ఇక తాగొచ్చని శాఖ వాళ్లు చెప్పారు. అయినా ముందుగా తాగడానికి వీధిలో ఒక్కరికీ ధైర్యం చాలలేదు. నారాయణయ్య అందరూ చూస్తుండగా నీళ్లు చేది, చెంబెడు గటగటా తాగేశాడు.

"వాసన ఏమన్నా వస్తుండాదా?" అని అడిగారు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు.

"సరిగ్గా తెలీలా," అని ఇంకో చెంబు తాగాడు. కాసేపు ఆలోచించి మూడో చెంబు ముంచుకోబోయాడు.

"బావి ఎండగడతావా ఏంది? జరుగు!" అని ఓబులమ్మ ఆయన్ను పక్కకు నెట్టి, తన బిందె ముందు పెట్టింది.