నలభై రెండో తల

మా మేడ మీద వాటాలో ఉండే బాబాయి సొంత బాబాయి కాదు, వరసకి కూడా కాదు, పిలుపుకే బాబాయి. ఆయన అరికాళ్ళకి చక్రాలున్నాయని చిన్నప్పుడు నేను నిజంగానే నమ్మాను. ఒక మధ్యాహ్నం ఆయన పడుకుని ఉంటే దుప్పటి ఎత్తి చూశాను కూడా. చక్రాలు లేవు గానీ, నిద్రలోనూ కాళ్ళు రెండూ నడుస్తూనే ఉన్నాయి. పక్కన కుట్టుమిషను దగ్గర కూర్చున్న పిన్ని తల ఎత్తకుండానే, "లేపకే, ఏదో కోట ఎక్కుతున్నట్టున్నారు. కాసేపట్లో దిగుతారు" అంది.

బాబాయి టూరు బస్సులో గైడు. ఆ బస్సు వెనకాల "ఎనిమిది రోజుల్లో దేశమంతా" అని బస్సంత అక్షరాలతో రాసి ఉంటుంది. మన దేశమేమో చిన్నదా? ఒక చివర ఎగిరిన కాకి రెండో చివర వాలేసరికి తాతై ఉంటుంది. పైగా పూర్వం రాజులకి వేరే పనేమీ లేనట్టు, ప్రతివాడూ ఒక కోటో, సమాధో, గంటస్తంభమో కట్టి మరీ పోయాడు. అందులో ముఖ్యమైనవి ముప్ఫై ఒకటి ఏరి, ఎనిమిది రోజుల్లో చూపించడం బాబాయి ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా అదే పని.

ఆయన నడక తీరే వేరు. చేతిలో నారింజరంగు గొడుగు పైకెత్తి, మొహం జనం వైపు పెట్టి, వెనక్కి నడుస్తాడు. నోరు చరిత్ర చెబుతుంటే కళ్ళు తలలు లెక్కపెడుతుంటాయి. కంపెనీ వాళ్ళు అందరికీ పసుపుపచ్చ టోపీలిస్తారు కాబట్టి, నిజానికి లెక్కపెట్టేది టోపీలనే. నలభై ఇద్దరు మనుషులు, నలభై రెండు టోపీలు. మెట్లు, గుమ్మాలు, గుంటలు అన్నీ ఆయన మడమలకి కంఠతా వచ్చు. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి పడలేదు. కాకపోతే, అన్నేళ్ళూ చూపించిన కట్టడాలన్నీ ఆయన వీపు వెనకాలే ఉండిపోయాయి.

ఇంతకీ ఆయన చూపించే వేగం ఎలా ఉండేదంటే, ఒకాయన కంపెనీకి ఉత్తరం రాశాడు. "తెల్ల సమాధి దగ్గర బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. లేచేసరికి చూడటం అయిపోయింది" అని. ఇంకొకావిడ తన ఫోటోలన్నీ పంపించింది. పరుగెడుతూ తీసినవి కావడంతో ప్రతి రాజభవనమూ భూకంపంలో ఉన్నట్టుంది.

ఆ రెండో ఉత్తరం అందిన రోజు ఓనరు బాబాయిని పిలిచాడు.

"చూడు, ఇంకొక్క కంప్లయింటు వచ్చిందంటే నిన్ను బస్సు దించేస్తాను. ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని టికెట్లు రాసుకుందువుగాని."

ఇంకెవరికైనా అది వరమే. నెత్తిన ఫ్యాను, చేతికందేంత దూరంలో టీ. బాబాయికి మాత్రం యావజ్జీవం పడ్డట్టయింది. ఆ రోజు ఇంటికొచ్చి, కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ వసారాకీ మధ్య నడుస్తూ తిన్నాడు. మామూలుగా కూడా అలాగే తింటాడనుకోండి, కానీ ఆ రోజు నడక వేరు.

"కుర్చీయేగా, కరుస్తుందా?" అంది పిన్ని. "నేను ముప్ఫై ఏళ్ళుగా కూర్చునే కుడుతున్నాను."

"నువ్వు కూర్చుంటావే. నన్ను కూర్చోబెడతారు."

"కూర్చున్నాక రెండూ ఒకటేనండీ."

"నీకు తెలీదులే" అంటూ ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, పెరడంతా ఆరుసార్లు చుట్టి వచ్చాడు.

తరవాతి టూరులో ఎక్కిందండీ ఒకావిడ. ముప్ఫై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మొదటిరోజే హోటల్లో మెనూ కార్డు తీసుకుని, పెన్సిలుతో పదకొండు తప్పులు దిద్ది సర్వరు చేతికిచ్చింది. బస్సులో అందరూ ఆవిడకి ప్రూఫులమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడ దేన్ని చూసినా అందులో ఎక్కడో అచ్చుతప్పు దాక్కుని ఉన్నట్టే చూస్తుంది. అందుకే ఎప్పుడూ అందరికంటే వెనక. బాబాయికేమో ఆ పెన్సిలు చూస్తేనే భయం. అది ఎప్పుడు కాగితం మీద ఉత్తరమై కూర్చుంటుందో అని.

"అమ్మా, కాస్త త్వరగా" అని ఆయన.

"చదవకుండా పేజీ తిప్పమంటే ఎలా నాయనా" అని ఆవిడ.

మూడోరోజు మధ్యాహ్నం పాత కోటలో జరిగిన సంగతి ఇది. కొంత బాబాయి చెప్పాడు, కొంత బస్సు డ్రైవరు చెప్పాడు, వాళ్ళు దాచింది నేను ఊహించుకున్నాను. బాబాయి ఎప్పటిలాగే వెనక్కి నడుస్తూ, "ఇది దర్బారు హాలు, అరవై స్తంభాలు, ఏ రెండూ ఒకలా ఉండవు, పదండి పదండి" అని దర్బారంతా నిమిషంన్నరలో దాటించాడు. ప్రూఫులమ్మ మాత్రం ఆగిపోయింది. అక్కడ మెట్ల మీద ఎండలో ఒక బట్టతలాయన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. ఆయన వేరే కంపెనీ బస్సులో వచ్చిన మనిషి.

"నాకు జుట్టన్నా ఉంది, మీకు అదీ లేదు. పెట్టుకోండి" అని ఆవిడ తన పసుపు టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టింది. పెట్టి, స్తంభాల్లోకి వెళ్ళిపోయింది.

బట్టతలాయన అప్పుడే భోంచేసి ఉన్నాడు. సగం నిద్రలో ఉన్నాడు. పసుపు టోపీలన్నీ గొడుగు వెనకాల పరుగెత్తుతుంటే, తన నెత్తిన కూడా అదే టోపీ ఉంది కాబట్టి తనూ పరుగెత్తాడు. బస్సు తలుపు దగ్గర బాబాయి ఒక్కొక్క టోపీనీ వేలితో తడుతూ లెక్కపెట్టాడు. నలభై రెండు. తలుపేశాడు. బస్సు కదిలింది. లెక్క సరిపోయింది, మనిషే మారిపోయింది.

గంట ప్రయాణం చేసి బస్సు అద్దాల భవనం దగ్గర ఆగింది. బట్టతలాయన నిద్రలేచి, కిటికీలోంచి అటూ ఇటూ చూసి, "బాబూ, పడవ ఎప్పుడెక్కిస్తారు?" అన్నాడు.

"మనకి పడవ లేదండి."

"లేకపోవడమేంటి? కోట తరవాత పడవ అన్నారుగా. మా ఆవిడ ఏది?"

బాబాయి ఆయన మొహం వైపు చూశాడు. మూడు రోజుల్లో ఆ బస్సులో ఒక మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారట. తరవాత వెనక సీటు వైపు చూశాడు. ఖాళీ. ప్రూఫులమ్మ నెంబరుకి ఫోను చేస్తే, పైన సామాన్ల అరలో ఆవిడ సంచి మోగింది. అప్పుడు బాబాయి గుండె చేసిన చప్పుడు స్టీరింగు దాకా వినపడిందని డ్రైవరు ఒట్టేసి చెబుతాడు.

మిగతా నలభై ఒక్కరినీ భవనం వాచ్‌మన్‌కి అప్పగించి, డ్రైవర్ని కాపలా పెట్టి, బాబాయి టాక్సీ మాట్లాడుకుని బట్టతలాయనతో వెనక్కి బయలుదేరాడు. అయిదున్నరకి కోట తలుపులు మూసేస్తారు. టాక్సీలో బాబాయి కుదురుగా కూర్చుంటేగా. మోకాళ్ళతో ముందు సీటుని తోస్తూనే ఉన్నాడు, తోస్తే కారు త్వరగా పోతుందన్నట్టు. టాక్సీవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి, "సార్, మీరు దిగి నడిచెళ్ళండి, నేను వెనకాల వస్తాను" అన్నాడు. బట్టతలాయన మాత్రం బాబాయి భుజం మీద తల పెట్టి గురకపెట్టాడు.

కోట గేటు దగ్గర బట్టతలాయన భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళ బస్సుదీ అదే కథ, ఒక తల తక్కువై కదలకుండా అక్కడే ఉంది.

"ఎక్కడికి పోయారు?"

"అద్దాల భవనానికి."

"చూశారా?"

"లేదే, నిద్రపట్టింది."

"ఆ నిద్రేదో ఇంట్లోనే పోవచ్చుగా, ఇంత దూరం తీసుకొచ్చాను."

బాబాయి అప్పటికే లోపలికి పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఆ కోటలో ముందుకి నడిచాడు. అలవాటు లేక రెండుచోట్ల తూలాడు కూడా. దర్బారు హాలు ఎదురుగా మెట్ల మీద ప్రూఫులమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, మిమ్మల్ని వదిలేసి పోయాను. తప్పు నాదే" అన్నాడు, వగరుస్తూ.

"తెలుసు. మీరు పోయిన పావుగంటకి చూసుకున్నాను. కాసేపు భయపడ్డాను. తరవాత మీ గొంతు వినపడటం లేదని గుర్తొచ్చి హాయిగా కూర్చున్నాను."

"బయట టాక్సీ ఉందమ్మా, పదండి."

"ఎన్నింటికి మూస్తారు?"

"అయిదున్నరకి."

"ఇప్పుడు అయిదు. ఆ అరగంట నాది."

బాబాయికి ఏం చెయ్యాలో తోచలేదు. అక్కడ నలభై ఒక్కమంది, ఇక్కడ ఈవిడ, ఆఫీసులో కుర్చీ. ఆవిడ ముందు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"మీరలా తిరుగుతుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి. కూర్చోండి."

"కూర్చోలేనమ్మా."

"అయితే ఆ స్తంభాలన్నా లెక్కపెట్టండి."

"అరవై."

"లెక్కపెట్టమన్నాను, అప్పజెప్పమనలేదు."

బాబాయి లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. నవ్వుకుని, అటు చివరనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. యాభై ఎనిమిది. చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్క స్తంభాన్నీ చేత్తో తడుతూ మూడోసారి లెక్కపెట్టాడు. యాభై తొమ్మిదోది దొరికితే ఒట్టు. లెక్క తప్పని మనిషినని పందొమ్మిదేళ్ళుగా విర్రవీగిన వాడు. ఎన్ని వేలమందికి అరవై అని చెప్పాడో. ఒక్కడూ కాదనలేదు. ఎందుకు కాదంటారు, నిలబడనిస్తే కదా.

"మీకు అరవై అని ఎవరు చెప్పారు?" అని అడిగింది ఆవిడ.

"నాకంటే ముందున్న గైడు."

"ఆయనకి?"

బాబాయి నాలుగోసారి లెక్కకి వేలెత్తాడు.

"పోనీ, మీరు ప్రతిసారీ ఉపన్యాసమిచ్చే చోట, మీ వెనకాల గోడ మీద ఏముందో తెలుసా?"

ఆయన తిరిగి చూశాడు. నీలంరంగు పలకల మీద వరసగా కొంగలు. అన్నీ ఒకవైపే ఎగురుతున్నాయి, ఒక్కటి మాత్రం వెనక్కి తిరిగి ఉంది. బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పొచ్చుగానీ, అది మరీ అబద్ధం. ఆ కళ్ళకి అంత తీరిక లేదు. అప్పటికే కొంగల్ని లెక్కపెట్టేస్తున్నాయి.

టాక్సీలో వెళ్ళేటప్పుడు ఆవిడ, "ఉత్తరం మాత్రం రాస్తాను" అంది.

"రాస్తే నన్ను కుర్చీలో కూర్చోబెడతారమ్మా."

"ఉన్నది రాస్తాను. లేనిది రాయను. అంతకంటే నాకు చేతకాదు."

అన్నట్టే రాసింది. ఓనరు గదిలో ఆ ఉత్తరం చదువుతుంటే బాబాయి గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడ్డాడు. "గైడు నన్ను కోటలో వదిలేసి వెళ్ళాడు. అది తప్పే. తప్పని తనే ఒప్పుకుని, తనే వెనక్కి వచ్చాడు. ఎనిమిది రోజుల టూరులో నేను నిజంగా చూసినవి ఆ రెండున్నర గంటలే, మిగతా అంతా ముందువాళ్ళ వీపులు. స్తంభాలు యాభై ఎనిమిది." ఇంతే ఉత్తరం. కొట్టివేతలు లేవు. ఓనరు "వదిలేసి వెళ్ళాడు" దగ్గరే ఆగిపోయాడు. తరవాతి వాక్యాలు ఆయనకెందుకు?

బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టారు.

మొదటిరోజు ఇంటికొచ్చి కాళ్ళు తిమ్మిరెక్కాయని గోడకి కొట్టుకున్నాడు. రెండోరోజు కుర్చీ గదంతా తిరిగిందట, ఆయనతో పాటే. నాలుగోరోజు నుంచి నిలబడే టికెట్లు రాశాడు. కిటికీలోంచి చూసేవాళ్ళకి ఒక బొడ్డు, ఒక పెన్ను మాత్రమే కనపడేవి. పిన్ని రోజూ మధ్యాహ్నం మందులషాపుకి వెళుతున్నానని చెప్పి, వీధి అవతల నిలబడి ఆయన్ని చూసి వచ్చేది. "మనిషి సగమైపోయారే" అని నాతో అంది. బొడ్డు మటుకు అంతే ఉంది, కానీ ఆవిడ కంటికి అలా కనపడింది, నేనేమంటాను.

పదకొండో రోజున ఒక కుటుంబం వచ్చింది. తండ్రి కిటికీలో తల పెట్టి, "ఎనిమిది రోజుల్లో దేశమంతా చూపిస్తారటగా?" అన్నాడు.

"చూపిస్తామండి" అన్నాడు బాబాయి. "మీరే చూడలేరు."

"అదేంటి?"

"ముప్ఫై ఒక్క చోట్లండి. అందులో మీకు ఏమన్నా గుర్తుంటే, అది నా గొడుగు."

ఆ కుటుంబం వెళ్ళిపోయింది. అంతకు ముందు రోజు ఇద్దరు, ఆ ముందు రోజు ఒక కాలేజీ లెక్చరర్ల గుంపంతా అలాగే వెళ్ళిపోయారని ఓనరుకి అప్పుడే తెలిసింది. గదిలోంచి ఊడిపడ్డాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఆ కిటికీ దగ్గరనుంచి లే. రేపు పొద్దున ఆరింటికి బస్సు."

బాబాయి లేవాల్సిన పని లేదు, నిలబడే ఉన్నాడు. కానీ వెంటనే సరేననలేదు. అది చూసి పక్క బల్ల దగ్గర గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడట.

"ముప్ఫై ఒకటి నావల్ల కాదు" అన్నాడు బాబాయి. "పదిహేను."

"మతిపోయిందా? ఇరవై ఎనిమిది."

"పద్దెనిమిది. కోటలో ఒక పూట."

"పూటంతా ఏం చేస్తారయ్యా అక్కడ?"

"వాళ్ళేమన్నా చేసుకుంటారు. నేను బయట తిరుగుతాను."

చివరికి ఇరవై రెండు దగ్గర తెగింది. బస్సు వెనకాల రాత మాత్రం ఓనరు మార్చనివ్వలేదు.

మర్నాడు పొద్దున నేనూ పిన్నీ బస్సు దాకా వెళ్ళాం. ఆరు దాటినా బస్సు కదలదే. బాబాయి తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, ఎక్కే ప్రతి ఒక్కరి టోపీనీ చేత్తో పైకెత్తి, మొహంలోకి చూసి, మళ్ళీ దించుతున్నాడు. ఇరవయ్యో మనిషి దగ్గరకొచ్చేసరికి డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి తియ్యడం మానేశాడు.

"ఏంటి సార్, పెళ్ళిచూపులా?" అని ఒక కుర్రాడు.

"కాస్త ఇటు తిరుగు బాబూ" అని బాబాయి. "ఆ మచ్చ ఎప్పటిది?"

"మీరు ఇలా చూస్తే దేశం చూడటానికి టైముండదండీ" అంది లోపలినుంచి ఒకావిడ.

పిన్ని నా మోచెయ్యి గిల్లింది. "ముప్ఫై ఏళ్ళ కాపురమే" అంది. "నన్నొకసారి అలా చూశారా?"

నలభై రెండో మొహం అయ్యాక తలుపు పడింది. అన్ని సీట్లూ నిండాయి, గైడు సీటు తప్ప. బాబాయి మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడి, ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి మారుతూ, బస్సు మలుపు తిరిగేదాకా ఒక్కొక్క మొహాన్నీ మళ్ళీ మొదటినుంచి చూసుకుంటూనే ఉన్నాడు.