దిమ్మ మీద ఫోన్ నంబరు

ఓధవ్‌జీభాయ్ ఇంట్లో ఆయన పేరూ ఫోన్ నంబరూ లేని వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. చెప్పుల అడుగున ఉంది, గొడుగు పిడి మీద ఉంది, చిలక పంజరానికీ ఉంది. చివరికి అప్పడాల కర్ర మీద కూడా చెక్కించేసరికి, భార్య ముక్తాబెన్ ఒత్తే రొట్టెలన్నిటి మీదా అంకెలు అచ్చుపడేవి. చుట్టాలు నంబరు చదువుకుని మరీ తినేవారు.

"నన్నొక్కదాన్నే వదిలేశారు," అని ముక్తాబెన్ దెప్పేది.

"నీకు నంబరు నోటికొచ్చుగా!" అనేవాడాయన.

వీధివాళ్ళు అదంతా పిసినారితనమే అనుకున్నారు. ఒకసారి హవేలీ అనే కృష్ణుడి గుడికి దర్శనానికి వెళ్తే, బయట విడిచిన చెప్పులు ఎవరో తొడుక్కుపోయారు. మర్నాడు ఆ తొడుక్కుపోయినవాడే ఫోన్ చేశాడు. "ఏం చెప్పులండీ ఇవి, ఒక్కరోజుకే తెగాయి!" ఓధవ్‌జీభాయ్ హడావుడిగా వెళ్ళి కుట్టించి ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళకి ఏమీ లేవు.

"మన చెప్పులేవీ?"

"అతను వేసుకుని ఉన్నాడు ముక్తా. విప్పమని ఎలా అడగను?"

ఆయన కార్ఖానాలో తయారయ్యేవి బేరింగు దిమ్మలు. పిండిమరల్లో, నూనె గానుగల్లో తిరిగే ఇరుసును కదలకుండా పట్టి ఉంచే పోత ఇనుప దిమ్మలవి. కొడుకు హిరేన్ కంపెనీకి వెబ్‌సైటు పెట్టి, ఒక్కో దిమ్మకీ అసలు కొలతలతో కంప్యూటరు బొమ్మ, అదే క్యాడ్ మోడల్, గీసి అందులో ఉంచాడు. యంత్రాలు చేసేవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని, తమ యంత్రం బొమ్మలో పెట్టి చూసుకుని, సరిపోతేనే సరుకు తెప్పించుకోవచ్చు.

ఓధవ్‌జీభాయ్ కంప్యూటరు ముందు కూర్చుని మోడల్ని కిందికీ మీదికీ తిప్పించి చూశాడు.

"నంబరేదిరా?"

"ఇది బొమ్మ బాపూ! బొమ్మకి నంబరెవరైనా పెడతారా? ఫైలు బరువెక్కుతుంది."

"ఇనుము మోస్తోంది, బొమ్మ మొయ్యలేదా? అసలు దిమ్మ మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా పెట్టు."

హిరేన్ పళ్ళు కొరుక్కుంటూ పెట్టాడు.

పక్క సందులో ధన్‌సుఖ్ అనే అతను కొత్తగా ఇనుము పోతపోసే కొలిమి పెట్టాడు. సొంతంగా గీయించుకునే ఓపిక అతనికి లేదు. ఓధవ్‌జీభాయ్ మోడల్నే డౌన్‌లోడ్ చేసి, విప్పి చూడనైనా చూడకుండా అచ్చులు చేసేవాడికి పంపేశాడు. అచ్చులో ఏముంటే పోతలో అదే కదా వచ్చేది! తుక్కు కరిగించి సగం ధరకి అమ్మిన ధన్‌సుఖ్ దిమ్మలన్నిటి మీదా ఓధవ్‌జీభాయ్ పేరూ నంబరూ నిగనిగలాడుతూ వెలిశాయి.

అవి పగలడం మొదలైంది. ఫోన్లూ మొదలయ్యాయి, అదీ మధ్యాహ్నం పూట. మధ్యాహ్నం రాజ్‌కోట్‌లో కొట్లన్నీ మూసుకుని ఊరు ఊరంతా పడుకుంటుంది. ముక్తాబెన్‌కి మాత్రం కునుకు కరువైంది. "మాది కాదు నాయనా, అది దొంగసరుకు!" అని ఠక్కున పెట్టేసేది.

ఒకరోజు ఫోన్ ఓధవ్‌జీభాయ్ చేతికి దొరికింది. గోండల్ నుంచి కంచన్‌బెన్ అట, పిండిమర నడుపుతుందట.

"ఓధవ్‌జీ అంటే నువ్వేనా? నీ దిమ్మ రెండు చెక్కలై నా మర ఆగిపోయింది! పెళ్ళివారి గోధుమలన్నీ నా నెత్తిన ఉన్నాయి. నీ పేరు చూసి కొన్నాను చూడు, నాకు బుద్ధి లేక!"

"దాని మీద నా నంబరుందా బెన్?"

"ఉండబట్టేగా తిడుతున్నా!"

"ఉంటే నాదే. బయల్దేరుతున్నా."

హిరేన్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "బాపూ, అది మనది కాదని మీకూ తెలుసు. ఇలాగే పోతే మన పేరు చెబితే ఒక్కడూ కొనడు. మోడళ్ళన్నీ ఇవాళే తీసేస్తా. ఆ ధన్‌సుఖ్ మీద కేసు పెడదాం."

"వాడు చెప్పేది నిజం," అంది ముక్తాబెన్. "పోయినవి తిరిగొస్తాయని మీరు ప్రతిదాని మీదా పేరు రాసుకున్నారు. ఏమొచ్చాయి? తిట్లొచ్చాయి."

సంచిలో మంచి దిమ్మ సర్దుకుంటున్నవాడల్లా ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "తిరిగి రావాలని రాశాననుకున్నావా ఇన్నాళ్ళూ?"

"మరెందుకు?"

"తెగినా విరిగినా ఎవర్ని అడగాలో తెలియాలి కదా ముక్తా! ఆవిడకి తెలిసింది, అడిగింది. ఇప్పుడు నాది కాదంటే ఆవిడ ఇంకెవర్ని అడుగుతుంది?"

ముక్తాబెన్‌కి ఎందుకో ఆ తెగిన చెప్పులు గుర్తొచ్చాయి. కొడుకు చెయ్యి పట్టి గుమ్మంలోంచి పక్కకి లాగింది.

గోండల్‌లో మర తిరిగింది. సాయంత్రం ఆయన ఇంటికి రాకుండా నేరుగా ధన్‌సుఖ్ కొలిమికి వెళ్ళాడని తెలిసి, పోట్లాట చూడ్డానికి ముక్తాబెన్ చీర కొంగు తలమీదికి లాక్కుని పరుగెత్తింది. పోట్లాటేమీ లేదు. ధన్‌సుఖ్ చెమటలు కక్కుతున్నాడు.

"కాకా, ఒట్టు, నంబరు చూసుకోలేదు. రేపే తీసేస్తా."

"తియ్యకు! తీసేస్తే వాళ్ళెవరికి ఫోన్ చేస్తారు? తుక్కు తగ్గించు. ఇనుము కలపడం నేను చూపిస్తా. రేపట్నించి మా దిమ్మలు నువ్వే పోత పొయ్యి, మంచివైతే మా వాడు తీసుకుంటాడు. నా నంబరు కింద నీదీ పెట్టు."

మోడళ్ళు వెబ్‌సైటులోనే ఉన్నాయి. హిరేన్ సణుక్కుంటూ రెండో నంబరు చేర్చాడు. పగిలేవి తగ్గాయి, ఫోన్లూ తగ్గాయి.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మళ్ళీ మోగింది. ముక్తాబెన్ కళ్ళు తెరవకుండానే ఎత్తింది.

"మాదే నాయనా. ఏ ఊరు? ఎక్కడ పగిలింది?"

అవతలి గొంతు తడబడింది. "పగల్లేదమ్మా. గొడుగు. బస్సులో దొరికింది. పిడి మీద ఈ నంబరుంటే, తెచ్చి ఇచ్చేద్దామని..."

"అక్కడ వాన పడుతోందా?"

"దంచుతోందమ్మా."

"అయితే నువ్వే ఉంచుకో," అని ముక్తాబెన్ అటు తిరిగి పడుకుంది. "విరిగితే మాత్రం ఫోన్ చెయ్యి."