వాత పెట్టని గొర్రె

ఆ ఏడు శామీర్‌పేట చెరువు నీళ్లు వెనక్కి పోయి, అంచున లేత గడ్డి మొలిచింది. మేడ్చల్ వైపు చేలన్నీ ప్లాట్లయ్యాక మా గొర్రెలకు అంత పచ్చిక ఎక్కడా దొరకలేదు. రోజూ అక్కడికే తోలుకెళ్లాం. చలికాలానికి మంద చిక్కిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కొన్నింటి దవడ కింద నీటి సంచిలా వాపు వేలాడేది.

నేను కోడలిగా వచ్చినప్పటినుంచీ వాపుకు వాత పెట్టడమే మా మామ పద్ధతి. కొడవలి కొన ఎర్రగా కాల్చి దవడ కింద గీసేవాడు. తెల్లారేసరికి వాపు దిగేది. "సూసినవా" అనేవాడు. పొద్దుగూకితే మళ్లీ వాపు, మళ్లీ వాత. గొర్రెలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

ఒకదాన్ని కోసినప్పుడు కార్జం చేతిలోకి తీసుకున్నాను. మెత్తగా ఉండాల్సింది చెక్కలా ఉంది. కోస్తే చిన్న ఆకుల్లాంటి పురుగులు జారాయి. కవర్లో వేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

"కార్జపు జలగలమ్మా," అన్నాడు డాక్టరు. "చెరువంచు నత్తల్లో పెరిగి గడ్డికి అంటుకుంటాయి. మందిస్తాను. గట్టిపడిన కార్జం మళ్లీ మెత్తబడదు, మిగిలింది కాపాడుకోవాలి. మళ్లీ అక్కడే మేపితే మందు దండగ."

"మరి దవడ వాపు?"

"పగలంతా తల వంచి మేస్తే నీరు అక్కడికి దిగుతుంది. రాత్రి తలెత్తి పడుకుంటే తగ్గుతుంది. వాతతో కాదు."

ఇంటికొచ్చేసరికి మామ కొడవలి కాలుస్తున్నాడు. పక్కన చూడి గొర్రె. నేను అడ్డం నిలబడ్డాను.

"జరుగు పిల్లా."

"దీనికి వద్దు మామా. పొద్దుగాల దాంక ఆగు."

"ఈ వయసుల రాత్రిబడికి పోయి సదువు నేర్సినవ్. గొర్రె కడుపుల రాసింది గూడ సదువుతవా?"

"వాపు దిగకుంటె రేపు నువ్వే పెట్టు. నాగ్గూడ పెట్టు."

ఆయన నవ్వలేదు గానీ కొడవలి పక్కన పెట్టాడు.

పొద్దున గొర్రె దవడ కింద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. వాపు దిగింది. దాని నోరు తెరిచి పట్టుకున్నాడు, నేను మందు పోశాను. అన్నింటికీ పోశాం.

తడిక తీయగానే మంద అలవాటుగా చెరువు వైపు తిరిగింది. కర్రతో అడ్డం కొట్టి గౌడవెల్లి వైపు మళ్లించాను.

"గౌడవెల్లి దిక్కు ఏమున్నది? ఆకలికి సస్తయి," అన్నాడు మామ.

"చిక్కుతయి, సావయి. తుమ్మకాయలు రాల్సుదాం."

మామ లోపలికెళ్లి దోటి కర్ర తెచ్చుకున్నాడు.

ఆ గొర్రె ఈనింది. పాలు చాలక పిల్లకు సీసాతో పట్టాం. చెరువంచున గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. మందను అటు పోనివ్వను.