అప్ప పళ్ళు తెల్లబడ్డ ఏడాది

పళ్ళు తెల్లగా చేసే మందు వల్ల పైపూత అరిగిపోతుందా, చిగుళ్ళు కాలతాయా, ఆ నీలిరంగు లైటు కళ్ళకేమైనా చేస్తుందా, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి చెయ్యొచ్చా... ఇవన్నీ నేను అడిగాను. ఒక్కటీ వదల్లేదు. ఆఫీసులో పొద్దస్తమానం కాగితాలు చూసే ఉద్యోగం నాది, సంతకం పెట్టేముందు అట్టడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివే రకాన్ని. మందు గురించి అడగాల్సినవన్నీ అడిగి, మనిషి గురించి వాళ్ళడిగిన అసలు ప్రశ్నకి అబద్ధం చెప్పాను. ఈ సంగతి మా అమ్మాయికి కూడా తెలియదు. రాసుకుంటే మనసు తేలికపడుతుందంటారు. నాకేం పడటం లేదు.

మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నాకు జడలు వేసింది, నాకు అన్నం పెట్టింది, నన్ను కొట్టింది, అన్నీ అప్పే. ఆనందపురానికి నాలుగైదు మైళ్ళ దూరంలో మా ఊరు. పొద్దున్నే సంతకెళ్ళి కనకాంబరాలు, బంతిపూలు గంపలో తెచ్చుకుని, మా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మాలలు కట్టేది. ఆ మాలలు అమ్మి నన్ను డిగ్రీ దాకా చదివించింది. పెళ్ళయిన మూడేళ్ళకే బావ పోతే తిరిగొచ్చి మళ్ళీ అదే అరుగు మీద కూర్చుంది.

మాల కడుతున్నంతసేపూ అప్ప నోట్లో చుట్ట ఉండేది. అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మా ఊళ్ళల్లో ఆడవాళ్ళకి అదేమీ వింత కాదు. గాలికి ఆరిపోదు, బూడిద పూల మీద రాలదు, రెండు చేతులూ పనికి దొరుకుతాయి. మా నాయనమ్మ అలాగే తాగేది, అప్పా అలాగే నేర్చుకుంది. పెదాలు బిగించి, ఆ చుట్ట తియ్యకుండానే నన్ను తిట్టేది కూడా. "పుస్తకం తియ్యవేటే గుంటా, సూత్తన్నాను నాను" అని ఆ ముక్కుగొంతుతో అంటుంటే నాకు నవ్వొచ్చేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

ఊళ్ళో తప్పు కాని అలవాటు, నేను పోర్టు దగ్గర ఒక కంపెనీలో గుమస్తాగా చేరాక తప్పయి కూర్చుంది. తప్పని ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను. అప్ప మా ఇంటికొస్తే ముందు చేతిలో యాలకులు పెట్టేదాన్ని. చుట్ట తాగాలంటే మేడ మీదకెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక కూర్చోమనేదాన్ని. ఆవిడ కిమ్మనకుండా వెళ్ళేది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్లో ఫోటోలు తీసే కుర్రాడు అప్ప నల్లటి పళ్ళు చూసి, "ఆంటీ, మీరు కొంచెం నోరు మూసి నవ్వండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాణ్ణి అందరి ముందూ కడిగేశాను. ఆల్బమ్ వచ్చాక మాత్రం, అప్ప నోరు మూసుకున్న ఫోటోలే ఏరి గోడకి పెట్టాను. ఇదీ నా బతుకు.

తర్వాత మధురవాడలో ఫ్లాట్ కొన్నాం. గృహప్రవేశానికి ఆఫీసువాళ్ళందరినీ పిలిచాను. అమ్మ స్థానంలో నిలబడి అందరినీ పలకరించాల్సింది అప్ప. ఆ నల్లటి పళ్ళతోనా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణం చాలు కదా మనిషికి. మా వీధి చివర కొత్తగా పెట్టిన పళ్ళ క్లినిక్ అద్దాల మీద తెల్లటి నవ్వులు అతికించి ఉన్నాయి. అప్పకి ఫోన్ చేశాను.

"ఓలమ్మో, నాకేటే ఇప్పుడీ పళ్ళు? పెళ్ళిసూపులా ఏటి?" అని పకపకా నవ్వింది.

"నా కోసం చేయించుకో అప్పా" అన్నాను. అలా అంటే కాదనదని నాకు తెలుసు.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నా ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ముందు గార తీసి శుభ్రం చేస్తామంది. చిగుళ్ళకి రక్షణగా ఒక పూత పూసి, పళ్ళ మీద మందు రాస్తామంది. మందు ఎక్కడైనా అంటితే అక్కడ తెల్లబడి మండుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, పళ్ళు జివ్వుమనడం కూడా మామూలే, సరిగ్గా చేస్తే భయపడాల్సిన వైద్యం కాదు అంది. అన్నీ నిజాలే చెప్పింది పాపం. తర్వాత కాగితం తీసి అడిగింది, "చుట్ట, బీడీ, ఖైనీ, ఏదైనా పొగాకు అలవాటుందా అమ్మా?"

అప్ప నా వైపు చూసింది. పక్క కుర్చీలో మా అపార్ట్‌మెంటు కార్యదర్శి భార్య కూర్చుని ఉంది. "లేదండీ, ఒట్టి తాంబూలం, కాఫీ" అన్నాను. కాగితం మీద 'లేదు' అన్న చోట టిక్కు పెట్టింది కూడా నేనే.

కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరిపించాక ఆ పిల్ల చాలాసేపు నోటి పైభాగాన్నే చూసింది. "అంగిలి మీద తెల్లటి మచ్చలా ఉంది, గరుగ్గా కూడా ఉంది. బాగా వేడివేడిగా తాగుతారా?" అంది. "అవునండీ, మరిగే టీ అలాగే పోసుకుంటుంది" అన్నాను. ఎంత బేగి వచ్చేసిందో నా నోట్లోంచి. ఆ పిల్ల ఇంకా అనుమానంగానే చూసి, "నాకిది నచ్చడం లేదు మేడమ్. ఇవాళ శుభ్రం చేసి ఊరుకుందాం, తెల్లబరచడం తర్వాత చూద్దాం" అంది. ఆదివారమే గృహప్రవేశం అని నేను పట్టుబట్టాను. సాధించాను. సాధించడంలో నన్ను మించినవాళ్ళు లేరు. చివరికి, "సరే, కానీ రెండు వారాల్లో తప్పకుండా తీసుకురండి. అది అలాగే ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి" అంది. తలూపాను.

గృహప్రవేశం రోజు అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. పళ్ళు మరీ ముత్యాల్లా ఏం లేవు, వెన్న రంగులో ఉన్నాయి. అయినా ముఖమే మారిపోయింది. వచ్చినవాళ్ళు "మీ అక్కగారు ఎంత కళగా ఉన్నారండీ" అంటుంటే నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఒక్క రోజు మేమిద్దరం నిజంగా సంతోషంగా ఉన్నాం. ఆ మాట కూడా రాయాలి కదా.

రెండు వారాలు గడిచాయి. క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. "ఊరెళ్ళిపోయారండీ, రాగానే తీసుకొస్తాను" అన్నాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తీసుకెళ్తే చుట్ట సంగతి బయటపడుతుంది, నేను అబద్ధాలకోరునని ఆ చిన్నపిల్ల ముందు తేలిపోతుంది. నా భయమంతా అదే. అంగిలి గురించి కాదు.

నెల తిరక్కుండానే అప్ప ఫోన్లో, "గుంటా, నోరు మండతందే, కూర నోట్లో ఎట్టలేకపోతన్నాను" అంది.

"డాక్టరమ్మ చెప్పింది కదప్పా, మందు అంటితే మండుతుందని. ఉప్పునీళ్ళు పుక్కిలించు, తగ్గిపోద్ది."

ఒకటి రెండు రోజుల్లో పోతుందన్న మంట నెల కావస్తున్నా ఎందుకుంటుందో నాకు తెలియదా? కాగితాలు చదివిన దాన్ని కాదూ! తెలుసు. తెలిసే, మందు వల్లేనని అప్పకి చెప్పి, నాకూ చెప్పుకుని, అయిదు నెలలు లాక్కొచ్చాను. అప్ప కారం మానేసింది, తర్వాత అన్నం మెత్తగా పిసుక్కుని తినేది. చుట్ట మాత్రం మానలేదు. మానమని నేను అడగనూ లేదు.

వానాకాలంలో ఒకరోజు పూలు తీసుకుని మా ఇంటికొచ్చింది. టీ ఇచ్చాను. రెండో గుక్కకి టీ ముక్కులోంచి కారింది. అప్ప గబుక్కున కొంగుతో తుడుచుకుని, "వారం నుంచి ఇలగే అవుతంది" అంది, అదేదో తన తప్పయినట్టు. ఫోన్ లైటు వేసి నోట్లోకి చూశాను. అంగిలి మధ్యలో కన్నం పడి ఉంది. చుట్టూ పుండు. 

పెద్దాసుపత్రిలో డాక్టరుకి నేను మొదటిసారి నిజం చెప్పాను. అడ్డపొగ అనగానే ఆయన ఆశ్చర్యపోలేదు, మన తీరంలో ఇలాంటివి చూస్తూనే ఉంటామన్నాడు. పళ్ళకి వేసిన మందు వల్లా అని అడిగాను. ఆశకి సిగ్గుండదు. "దాని వల్ల ఈ క్యాన్సర్ రాదమ్మా. ఇది ఏళ్ళ తరబడి నోట్లో పెట్టుకున్న నిప్పు, పొగ. ఆ తెల్లమచ్చ దగ్గరే పట్టుకుని ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది" అన్నాడు. అప్ప అప్పుడు బయట స్కానింగు గది దగ్గర వరసలో కూర్చుని ఉంది.

పైదవడ చాలావరకు తీసేశారు. పై వరస పళ్ళన్నీ దాంతోనే పోయాయి. ఆ కన్నానికి మూతలా ఒక ప్లేటు పెట్టారు, అది ఉంటేనే మాటా, మింగుడూ. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నాలుగు నెలలు తిరక్కుండా మెడలో గడ్డలు తేలాయి. ఇంక చెయ్యగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్ళి నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారు. అప్ప ఇప్పుడు మా ఫ్లాట్లోనే ఉంది, కిటికీ పక్క మంచం మీద. రెండు పూటలా గొట్టంతో జావ పోస్తున్నాను.

పోయిన వారం నోరు కడుగుతూ ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. ఆ రోజు డాక్టరమ్మ రెండు వారాల్లో రమ్మందని, నేనే తీసుకెళ్ళలేదని, మందు వల్ల కాదని, నా పరువు కోసం నిన్ను చంపుకున్నానని. వెక్కివెక్కి ఏడ్చాను.

అప్ప నా ఏడుపు ఆగేదాకా చూసింది. ప్లేటు సర్దుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "నాను ఇన్నానే. కుర్సీలో ఉన్నది నానే కదేటి" అంది.

"విని మరి ఎందుకు చెప్పలేదే?"

"ఎల్తే సుట్ట సంగతి తెలిసిపోద్ది. ఆ డాక్టరు గుంట ముందల నువ్వు సిన్నబోతావని ఊరుకున్నాను." మళ్ళీ ప్లేటు నొక్కుకుని, "ఊళ్ళో అందరికీ పళ్ళ మందు పడనేదనే సెప్పినాను. నువ్వూ అదే సెప్పు" అంది.

 పన్నెండేళ్ళ పెద్దరికం, ఇంకా నన్నే కాపాడుతోంది. తిట్టినా బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది.

నిన్న మధ్యాహ్నం మా ఊరి నుంచి పిన్ని చూడ్డానికొచ్చింది. అప్పతో పాటు అదే అరుగు మీద మాలలు కట్టిన మనిషి. మంచం పక్కన కూర్చుని అప్ప చెయ్యి నిమిరింది. "పళ్ళ మందెంత పని సేసింది సూడమ్మా. మన ఊల్లో ఆడోళ్ళమంతా ఒట్టెట్టుకున్నాం, పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కకూడదని. నాకూ మూడు నెల్ల నుంచి అంగిలి మండతంది. ఎల్తే ఆ మందే రాసేత్తారేమోనని ఎల్నేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నిజిమేనేటమ్మా, మందేనా?" అని అడిగింది.

అప్ప నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో బలమేమీ లేదు, కానీ వదల్లేదు.

"అవును పిన్నీ, మందే" అన్నాను.

"అదే మరి" అని పిన్ని నిట్టూర్చి లేచింది. కొంగుముడి విప్పి చుట్ట తీసుకుని, బాల్కనీలోకి వెళ్తూ అగ్గిపెట్టె అడిగింది. వంటింట్లోంచి తెచ్చి ఇచ్చాను.